పలకల మిషన్‌లో బొగ్గు

మార్కాపురం,
10 జూన్ 2024

మజీద్ మామూకు,

మల్లికార్జునరావు అనే వ్యాపారి మా కాలనీ మీద, నీ చెల్లెలు కమ్రున్నీసా మీద చేస్తున్న అన్యాయం గురించి ముందు రాస్తాను. సలాములు, క్షేమాలు చివర్లో, చోటు మిగిలితే.

తర్లుపాడు రోడ్డులో ఆయనకు పలకల పొడి షెడ్డు ఉండేది, నీకు గుర్తుండాలి. గనిలో పగిలిపోయిన పలకరాయిని మెత్తగా కొట్టి సంచులకెత్తి పంపేవాళ్ళు. ఆ వ్యాపారం పడిపోయింది. ఉగాది నుంచి ఆయన అదే షెడ్డులో, అదే మిషన్‌లో బొగ్గు పోయిస్తున్నాడు. లారీల్లో పెళ్ళలుగా వస్తుంది, పొడి అయి కంభం వైపు ఇటుక బట్టీలకు పోతుంది. రాయిని కొట్టిన మిషన్ బొగ్గును కొట్టదా అని ఆయన వాదన. కొడుతోంది. కొట్టినదాంట్లో సగం మా కాలనీ మీద పడుతోంది. ఆరేసిన బట్టలు నల్లన. పెరుగు మీద మీగడ నల్లన. పక్కింటి ఫిన్నీ వాళ్ళ తెల్లమేకను ఎవరిదో నల్లమేక అనుకొని బందెలదొడ్డికి తోలినారు. నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డు, గాలి ఎటు కొడితే అటు దుమ్ము.

ఆ మిషన్ నోట్లో గంపలతో బొగ్గు పోసేది అమ్మీ. మానెయ్యమంటే, "పలకల దుమ్ము ఇరవై ఏండ్లు తిన్నా, ఇది కొత్తా?" అంటుంది.

కరపత్రాలు చదివి చెడిపోయినానని నువ్వంటావు. బస్టాండు కాడ జిరాక్స్ షాపులో పని చేసేవాడు చదవకుండా ఎట్ల ఉంటాడు మామూ? రైతు సంఘానివి చదివినా, పెన్షనర్లవి చదివినా, ఆపరేషన్ లేకుండా మూలశంక వైద్యం కూడా చదివినా. ఈమధ్య ఒక పుస్తకం వచ్చింది, 'దుమ్ము-దోపిడీ' అని, పదహారు పేజీలు. అడిగినదానికంటే ఒక కాపీ ఎక్కువ తీసినా. అందులో ఒక వాక్యం నా గుండెలో పడింది: "యజమాని దుమ్ము యజమాని గోడల మధ్యే ఉండాలి." దాన్ని చార్టు మీద రాసి షాపులో అంటించినా. మా ఓనరు పీకేసినాడు. మళ్ళా అంటించినా.

నువ్వు థర్మల్ ప్లాంటులో బొగ్గు చితక్కొట్టే క్రషర్ హౌసులో ఉద్యోగమంతా గడిపినావు. బొగ్గు కొట్టడానికి అసలు ఏ మిషన్ కొనాలి, ఎట్ల నిలబెట్టాలి, ఎట్ల చూసుకోవాలి? వివరంగా రాయి. ఫోన్ చేద్దామంటే ఆ క్రషర్ హౌసే నీ చెవులు తినేసింది. ఏమడిగినా "ఆఁ, భోంచేసినా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

చోటు మిగిలింది. సలాం. నీ మోకాలు ఎట్లుందో అమ్మీ అడగమంది.

పోరాట వందనాలతో,
ఖాలిద్


థర్మల్ కాలనీ వెనక వీధి,
17 జూన్ 2024

ఖాలిద్ బేటాకు మజీద్ మామూ దువాలు.

నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకున్నా. మన ఖాందాన్‌లో ఒకడు మిషన్ కొంటాననే రోజు నేను బతికుండగా వస్తుందనుకోలేదు. అందరం ఒకరి మిషన్ కింద పని చేసినవాళ్ళమే. ఆ మల్లికార్జునరావు మీద కోపంతో మొదలుపెట్టినా తప్పులేదు. పోటీ వ్యాపారం అట్లనే మొదలవుతుంది.

ఇప్పుడు విను. మిషన్ కొనేవాడు ముందు మిషన్ చూడకూడదు, బొగ్గు చూడాలి. వచ్చే పెళ్ళ ఎంత? పోవాల్సిన ముక్క ఎంత? తడి ఎంత? రాయి ఎంత కలుస్తోంది? ఇవి తెలియకుండా షోరూముకు పోతే వాడు అమ్మాలనుకున్నది నువ్వు కొనుక్కొస్తావు.

మీకు పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి సుత్తుల మిషన్. లోపల ఇరుసుకు సుత్తులు వేలాడుతుంటాయి, గిర్రున తిరిగి బొగ్గును కొట్టి కొట్టి కింద జల్లెడలోంచి తోస్తాయి. చౌక. దుమ్ము మాత్రం జాస్తి, తడి బొగ్గు వస్తే జల్లెడ పూడుకుంటది. రెండోది పళ్ళ రోలర్ల మిషన్. చెరుకురసం బండిలో చెరుకు నలిగినట్టు రెండు రోలర్ల మధ్య బొగ్గు నలుగుతుంది. దుమ్ము తక్కువ. కానీ మధ్యలో గట్టిరాయి వచ్చిందా, పళ్ళు రాలతాయి. ఈ విషయంలో అది మీ తాత లాంటిది.

నేను పని చేసిన క్రషర్ ఆగితే మూడు జిల్లాలకు కరెంటు పోయేది. రెండుసార్లు పోయింది. రెండుసార్లూ తప్పు వేరేవాళ్ళది.

ఇంకో మాట. మా వీధిలో ఇరమ్ అని ఒక పిల్ల ఉంది, బీకాం. "మా మేనల్లుడు బొగ్గు మిషన్ పెడుతున్నాడు" అని వాళ్ళ నాయనతో మాట వరసకు అన్నా. ఆయన ఇంకో టీ తెప్పించినాడు. ఆలోచించుకో.

కమ్రు ఇంకా ఎవ్వరి మాటా వినదా? నాకు చెవులు లేక వినపడదు, దానికి ఉండీ వినపడదు.

మీ మామూ,
మజీద్


మార్కాపురం,
24 జూన్ 2024

మజీద్ మామూకు,

నేను మిషన్ కొనటం లేదు. నేను యజమానిని కాను, కాబోను. మల్లికార్జునరావు ఏది కొనాలో డిమాండు పత్రంలో రాయడానికి అడిగినా. నన్ను పోటీ వ్యాపారిని చేసి, దాని మీద పెళ్ళి కూడా కుదిర్చినావు. ఇరమ్ గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆమె నాయన తెప్పించిన టీ విషయం నువ్వే చూసుకో.

అయినా నేను సంతోషంగా ఉన్నా. మేం గెలిచినాం.

నిన్న కాలనీ కాలనీ అంతా కదిలి షెడ్డు ముందర కూర్చుంది. నేను మాట్లాడుతుంటే మల్లికార్జునరావు బయటికి వచ్చి చేతులు కట్టుకొని విన్నాడు.

"నీ దుమ్ము నీ గోడల మధ్యే పెట్టుకో!" అన్నా.

"అట్లనే నాయనా."

నా దగ్గర ఇంకా రెండు పేజీల ప్రసంగం ఉంది. "ఇది మా చివరి హెచ్చరిక!" అన్నా.

"సరే నాయనా, చుట్టూ రేకులు కట్టిస్తా. కిందినుంచి పైదాకా, సందు లేకుండా. ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగండి."

మామూ, కోపంగా పోయినవాడికి మజ్జిగ ఇవ్వడం కంటే క్రూరమైన పని లేదు. నేను తాగకుండా వచ్చేసినా. మిగతావాళ్ళు తాగినారు. ఫిన్నీ మళ్ళా పోయించుకున్నాడు.

పళ్ళ రోలర్ల మిషన్ సంగతి కూడా అడిగినా. "అది ఇప్పుడు కాదు నాయనా, ముందు రేకులు" అన్నాడు. ఒక విజయం చాలు, రెండోది తర్వాత.

నువ్వడిగినదానికి జవాబు: వానపడితే జల్లెడ పూడుకుంటోంది. అప్పుడు అమ్మీ పక్క తలుపు తీసి మిషన్ తిరుగుతుండగానే ఇనుప చువ్వతో పొడుస్తుంది. ఆపి పొడవమంటే, ఆపితే సుత్తులు నిలబడేదాకా ఎవరు కాచుకుంటారంటుంది. దీని మీద ఇంట్లో గొడవయింది. ఆమె గెలిచింది. అన్ని పోరాటాలు బయట గెలిచి ఇంట్లో ఓడిపోతున్నా.

పోరాట వందనాలతో,
ఖాలిద్


థర్మల్ కాలనీ వెనక వీధి,
26 జూన్ 2024

ఖాలిద్ బేటాకు దువాలు.

నీ జవాబు ఇంకా రాలేదు. మిషన్ బేరం పనిలో ఉన్నావనుకుంటున్నా. కొన్నాక చూసుకోవడం ఎట్లనో ఆలోపు రాస్తా. కొనేది ఒక్క రోజు పని, చూసుకునేది మిగతా అన్ని రోజుల పని. పెళ్ళి కూడా అంతే.

సుత్తులు ఒకవైపు అరిగిపోతే తిప్పి వెయ్యాలి. రెండువైపులా అరిగితే మార్చాలి. మార్చేటప్పుడు ఒక్కటే మార్చొద్దు, ఎదురెదురు రెండూ ఒకే బరువువి వెయ్యి. లేకపోతే ఇరుసు ఊగి, బేరింగులు పోయి, మిషన్ లారీలాగా నడుచుకుంటూ షెడ్డు బయటికి వస్తది. బేరింగుకు గ్రీజు అంటే ఇష్టమొచ్చినంత కాదు. చెయ్యి పెడితే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. మిషన్ నోటి మీద ఒక అయస్కాంతం వేలాడదీయి. బొగ్గులో బోల్టులు, గొలుసు ముక్కలు, ఒకసారి మాకైతే గని కూలీ టిఫిన్ క్యారియర్ వచ్చింది. ఇనుము లోపల పడితే నిప్పురవ్వలు లేస్తాయి. జల్లెడ శుభ్రం చేసేదానికి మిషన్‌కు పక్కన ఒక తలుపు ఉంటది, మిషన్ నిలబడేదాకా అది తెరవకూడదు. ఎవరు తెరిచినా చెయ్యి విరగ్గొట్టు, మిషన్ విరగ్గొట్టేలోపు.

ఇరమ్ వాళ్ళ నాయన షెడ్డు ఫోటో అడుగుతున్నాడు. నా బటన్ ఫోనులో ఫోటోలు రావని చెప్పినా.

నీ ఉత్తరంలో ఒకటి రాయలేదు. దుమ్ము ఎక్కడికి పోయేట్టు ఏర్పాటు చేస్తున్నావు? అది రాయి.

మీ మామూ,
మజీద్


మార్కాపురం,
8 జులై 2024

మజీద్ మామూకు,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా పోయినట్టున్నాయి. మిషన్ నాది కాదని ఇప్పటికి తెలిసి ఉంటుంది.

దుమ్ము ఎక్కడికి పోతుందని అడిగినావు. గర్వంగా చెప్తున్నా: ఎక్కడికీ పోదు. మూడు వైపులా మల్లికార్జునరావు కాంట్రాక్టరు బోల్టులు వేసి రేకులు బిగించినాడు. పడమటి వైపు మేమే శ్రమదానంగా కట్టినాం. బోల్టులు అయిపోతే బైండింగు తీగతో కట్టేసినాం. కాలనీలో బట్టలు తెల్లగా ఆరుతున్నాయి. ఫిన్నీ వాళ్ళమ్మ మేకకు నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, వీధంతా తిప్పింది.

లోపల మాత్రం కొంచెం చీకటి. పగలు కూడా లైటు వేస్తున్నారు. దూలాల మీద దుమ్ము చెయ్యంత మందాన పేరుకుంటే, మిషన్ నడిపే ధనుంజయ శనివారం శనివారం కంప్రెసరు గాలితో దులిపేస్తున్నాడు. పలకల రోజుల నుంచి అలవాటు. ఆ మబ్బు కిందికి దిగేదాకా బయట కూర్చొని, దిగినాక మిషన్‌కు కర్పూరం వెలిగిస్తాడు. శుక్రవారం అమ్మీ నిప్పుల మీద ఊదు వేసి మిషన్ చుట్టూ తిప్పుతుంది. ఆయన ఆమె ఊదుకు దండం పెడతాడు, ఆమె ఆయన కర్పూరాన్ని కళ్ళకద్దుకుంటుంది. మతసామరస్యం మీద ఒక కరపత్రానికి ఇది మంచి ఉదాహరణ, రాయాలనుకుంటున్నా.

భద్రత గురించి నీకు దిగులక్కర్లేదు. నిప్పు ఆర్పడానికి ఎర్ర బకెట్లు వరసగా పెట్టినారు, నిండుగా. పలకల రోజుల్లో మాదిరే మిషన్ కింది పొడితోనే నింపుతారు. అప్పట్లో ఒకసారి స్విచ్చిబోర్డు అంటుకుంటే ఆ పొడి రెండు బకెట్లు పోసి చిటికెలో ఆర్పినారంట.

అయస్కాంతం గురించి నువ్వు రాసింది మల్లికార్జునరావుకు చదివి వినిపించినా. "అట్లనే నాయనా" అన్నాడు. ఈ మాట వింటే నాకు చెయ్యి దురద పెడుతోంది.

పోరాట వందనాలతో,
ఖాలిద్


థర్మల్ కాలనీ వెనక వీధి,
15 జులై 2024

ఖాలిద్,

ఇది చదవగానే లేచి షెడ్డు కాడికి పో. మిగతాది దారిలో చదువు.

మొన్న అందిన నీ ఉత్తరం నిన్న తీసినా. సగం చదివి కమ్రుకు ఫోన్ చేసినా. "నిప్పు! షెడ్డు! కాలిపోతది! అంతా కాలిపోతది!" అని అరిచినా. ఈ వీధి వాళ్ళంతా బయటికొచ్చినారు. అవతల కమ్రు ఏమో అన్నది, నాకు వినపడలేదు. ఏడ్చినట్టుంది. అర్థమైందనే అనుకుంటున్నా. ఆ నమ్మకం లేకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నా.

బేటా, పలకరాయి పొడి నిప్పును ఆర్పుతుంది. బొగ్గు పొడి నిప్పు తినే తిండి. పెళ్ళగా ఉంటే అంటుకోడానికి తీరిగ్గా ఆలోచిస్తది. మెత్తగా చేసి గాల్లో లేపితే ఆలోచించదు. ఒక్క రవ్వ చాలు, గదంతా ఒక్కసారిగా మంట అవుతుంది. తెరిచి ఉంటే ఆ మంట బయటికి పోతది. సందు లేకుండా మూసినారంటే, మీరు మీ అమ్మను టపాకాయలో కూర్చోబెట్టినారని అర్థం. ధనుంజయ వారంవారం దాన్ని బాగా దులిపి, దాంట్లోకి కర్పూరం తీసుకుపోతున్నాడు. ఆర్పడానికి బకెట్లలో ఇంకాస్త మందు పెట్టుకున్నారు.

బకెట్లలో ఇసుక పొయ్యి. కంప్రెసరు ఆపు. నీళ్ళు చల్లి తడిగా ఊడవండి, రోజూ. ఊదు, కర్పూరం, బీడీ, ఏదీ లోపలికి పోకూడదు. రేకులు విప్పించు. దేవుడికి కోపం రాదు, నా పూచీ.

మజీద్


మార్కాపురం,
20 జులై 2024

మామూ,

అమ్మీ బతికే ఉంది. ఇది ముందు రాయమని ఆఫ్రీన్ ఆపా గిద్దలూరు నుంచి వచ్చి, అక్క హోదాలో నా పక్కన నిలబడి చెప్తోంది.

నీ స్పీడ్ పోస్టు ఈ పొద్దు వచ్చింది. నీ ఫోను ఆదివారమే వచ్చింది. నిప్పు, షెడ్డు, అంతా కాలిపోతది అని నువ్వు అరిస్తే అమ్మీకి అర్థమైంది ఏందంటే, నీ ఇల్లు తగలబడిందని. నువ్వు రేకుల షెడ్డులో తలదాచుకున్నావని కూడా ఆమే కల్పించుకుంది. నాకు చెప్పి ఏడ్చింది. నేను నీకు ఫోన్ చేసినా. "ఇల్లు ఏమైంది మామూ?" అంటే, "ఆఁ, భోంచేసినా, చెప్పు దానికి, చెప్పు" అని పెట్టేసినావు. భోంచేసినవాడికి ఇల్లు ఉన్నట్టే కదా అని ఆమెకు సర్దిచెప్పినా. ఆమె నమ్మలేదు. నీ మీది పీడ పోవాలని నిన్న శుక్రవారం ఊదు మామూలు కంటే ఎక్కువ వేసింది. పెద్ద మూకుట్లో.

ధనుంజయ ఈ పొద్దు కంభంలో చుట్టాల పెళ్ళికి పోవాలని శనివారం దులపాల్సింది నిన్ననే దులిపినాడు. మబ్బు దిగే లోపల ఆమె మూకుడు పట్టుకొని షెడ్డు తలుపు తీసింది.

శబ్దం జిరాక్స్ షాపుదాకా వినపడింది. గనిలో పేలుడేమో అనుకున్నా. తర్వాత ఫిన్నీ సైకిలు మీద వచ్చినాడు, చెప్పులు లేకుండా.

పడమటి వైపు రేకులు మొత్తం ఊడి జొన్నచేలో పడినాయి. మంట అటునుంచి పోయింది. బోల్టులు వేసిన మూడు వైపులూ ఉబ్బినాయి గానీ ఊడలేదు. అమ్మీ తలుపు దగ్గరే ఉంది కాబట్టి బయటికి పడింది. మోచేతులదాకా రెండు చేతులూ కాలినాయి. కనుబొమ్మలు లేవు. ధనుంజయ ఆర్పుదామని ఎర్ర బకెట్ ఎత్తి పోసినాడు. ఆయనకు మీసం లేదు ఇప్పుడు.

ఆసుపత్రిలో ఆమె నన్ను చూసి అడిగిన మొదటి మాట, "భాయ్ ఇల్లు?"

మల్లికార్జునరావు ఆసుపత్రికి వచ్చినాడు. ఖర్చంతా పెట్టుకుంటానన్నాడు. నేను చొక్కా పట్టుకుందామని లేచినా. "మూయమన్నది మీరే కదా నాయనా" అన్నాడు, మెల్లగా, నిజంగానే అర్థం కానట్టు. ఫ్లాస్కులో మజ్జిగ తెచ్చినాడు. ఈసారి తాగినా.

పడమటి వైపు కూడా గట్టి బోల్టులు వేయించి ఆగస్టు ఐదు, సోమవారం మళ్ళా మిషన్ తిప్పుతాడంట. అమ్మీ ఆ రోజే పనిలోకి పోతానంటోంది. "కనుబొమ్మలు మళ్ళా మొలుస్తాయి, పని మొలుస్తుందా?" అంటోంది. కాలనీవాళ్ళు రేకులు ఉండాలంటున్నారు, మసి మళ్ళా ఎవరు భరిస్తారని.

మిషన్ కింది పొడి చిటికెడు ఈ కాగితంలో మడిచి పెట్టినా. దీన్ని చూసి ఏదైనా చెప్పు. 'దుమ్ము-దోపిడీ' మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మళ్ళా చదివినా. నిప్పు గురించి ఒక్క మాట లేదు.

ఖాలిద్


థర్మల్ కాలనీ వెనక వీధి,
25 జులై 2024

బేటా,

ఫోను తీసి బియ్యం డబ్బాలో పెట్టినా. ఇక అది మోగినా నేను ఎత్తను.

కమ్రుకు చెప్పు, ఇల్లు ఉంది. పోయినసారి వచ్చినప్పుడు అది వంకర పెట్టిన కర్టెను కూడా అట్లనే ఉంది.

మీరు తీగతో కట్టిన పని బాగాలేకపోవడం వల్ల నా చెల్లెలు బతికింది. ఇట్లాంటి చెడ్డపని జీవితంలో ఎప్పుడూ మానుకోవద్దు. ఇప్పుడు పొడి సంగతి రాస్తా.

నీ పొట్లం విప్పి వేళ్ళ మధ్య నలిపినా. ముఖానికి పూసుకునే పౌడరులాగుంది. ఇంత మెత్తన మా పెద్ద బాయిలర్లకు కావాలి, అక్కడ బొగ్గును గాల్లో ఊది మండిస్తారు. ఇటుక బట్టీకి ఇదెందుకు? ఇప్పుడర్థమైంది నాకు. మీవాళ్ళు బొగ్గు తెచ్చినారు గానీ పలకల జల్లెడ తియ్యలేదు. ఆ సన్నకంతల్లోంచి పోయేదాకా సుత్తులు బొగ్గును కొడుతూనే ఉంటాయి. దుమ్ము అందుకే, తడికి పూడుకునేదీ అందుకే. పలకపొడి ఎంత మెత్తనైతే అంత రేటు పలికేది కాబట్టి, బొగ్గూ అంతేననుకున్నట్టుంది ఆ పెద్దమనిషి.

రోలర్ల మిషన్ వచ్చినప్పుడు రానీ. ఈ మిషన్‌కే పెద్దకంతల జల్లెడ వెయ్యమను, శనగగింజ దూరేంత. బొగ్గు పోసే చోట సన్నగా నీళ్ళు చిమ్మే పైపు పెట్టమను. ఆ చిమ్మేది మంచుతుంపరలాగా ఉండాలి, తడిసి ముద్ద కాకూడదు. దుమ్ము పూర్తిగా పోదు, చాలా తగ్గుతుంది. కానీ నా మాట మీద ఎవ్వరికీ చెప్పొద్దు, నేను ఆ బట్టీలు చూడలేదు. నువ్వే పోయి అడుగు, నీకు ఎంత ముక్క కావాలి అని. ఇన్ని నెలలుగా అమ్ముతున్నారు కదా, ఒక్కడైనా అడిగినాడా?

ఇరమ్ వాళ్ళ నాయనకు నిజం చెప్పేసినా. సంబంధం వద్దన్నాడు. ఆ పిల్ల మాత్రం కమ్రు చేతులు ఎట్లున్నాయని రోజూ ఒక చీటీ మీద రాసి అడుగుతోంది.

మీ మామూ,
మజీద్


మార్కాపురం,
31 జులై 2024

మజీద్ మామూకు సలాం.

నీ ఉత్తరం పట్టుకొని నిన్న బస్సెక్కి కంభం పోయినా. చెరువు అవతల రంగనాయకులు అనే ఆయన బట్టీ ఉంది, మా షెడ్డు పొడి ఎక్కువగా కొనేది ఆయనే. బట్టీ మీద నిలబడి, పైనున్న కంతల్లో గరిటెలతో పొడి పోయిస్తున్నాడు. గాలికి సగం ఆయన మొహానికే కొడుతోంది.

"పెద్దాయనా, నీకు బొగ్గు ఎంత ముక్క కావాలి?" అని అడిగినా.

"ఎవరబ్బా నువ్వు?"

"పొడి కొట్టే షెడ్డులో పని చేసే ఆమె కొడుకుని."

"ఓరి నీ! ఇంత మెత్తగా కొట్టి పంపుతారేందిరా? పైనుంచి పోస్తే కింది ఇటుకదాకా పోదు, పైనే భగ్గుమని పోతది. నాకు శనగగింజంత ఉండాల. నిదానంగా దిగి, నిదానంగా కాలాల."

"మరి చెప్పలేదా?"

"మార్కాపురమోళ్ళు, పొడి కొట్టడంలో పేరున్నోళ్ళు, మీకు తెలీదా అనుకున్నా."

మామూ, నేను ఆ పొడి చేతిలోకి తీసుకొని, నీ మాదిరే వేళ్ళ మధ్య నలిపి చూసినా. ఎవ్వరికీ అక్కర్లేని మెత్తదనం కోసం అమ్మీ చేతులు కాలినాయి. ఇందులో దోపిడీ ఉందో లేదో తర్వాత ఆలోచిస్తా. ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

మల్లికార్జునరావుకు ఇదంతా చెప్పినా, రంగనాయకులుతో ఫోన్లో మాట్లాడించినా. "అట్లనే నాయనా, జల్లెడ తెప్పిస్తా, ఇసుక పోయిస్తా" అన్నాడు. ఎప్పుడు? "వీలు చూసుకొని." రేకులు? "కాలనీవాళ్ళు ఉంచమంటున్నారు కదా." సోమవారం? "మిషన్ ఎన్నాళ్ళు ఆపుతాం నాయనా?" ఆయనతో తగువు పెట్టుకోవడమంటే దిండును గుద్దినట్టుంది.

కాలనీలో ఇల్లిల్లూ తిరిగినా. రేకులు కట్టాలని తిరిగిన గడపలే. ఫిన్నీ వాళ్ళమ్మ తలుపు కాడే నిలబెట్టింది. "నెల కింద మూయాలంటివి, ఇప్పుడు తెరవాలంటివి. నీకు పనేం లేదా ఖాలిదూ? మళ్ళా మా మేక నల్లబడాల్నా?"

నాకు కోపం వచ్చింది. నోటిదాకా చాలా వచ్చింది. అంతలో నా వెనక అమ్మీ వచ్చి నిలబడింది. రావద్దని చెప్పే వచ్చినా, వింటుందా? రెండు చేతుల కట్లూ ముందుకు చాపింది. "అక్కా, మసి ఉతికితే పోతది" అన్నది. అంతే. ఫిన్నీ వాళ్ళమ్మ లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందనుకున్నా. స్పానరు తెచ్చి ఫిన్నీ చేతిలో పెట్టింది. అందరూ అట్ల లేరు, కొన్ని తలుపులు వేసుకున్నాయి.

ఒక్కటి ఒప్పించినా. రేకులు దిగి, జల్లెడ మారి, బకెట్లలో ఇసుక పడేదాకా అమ్మీ షెడ్డులో కాలు పెట్టదు. ఒట్టు వేయించుకున్నా. నా తల మీద కాదు, నీ పేరు మీద. నాదైతే ఆమె లెక్కచెయ్యదు. అందుకని ఆదివారమే ఆ పని అయిపోవాలి, లేకపోతే సోమవారం ఆ ఒట్టు ఎంతసేపు నిలుస్తుందో నాకు తెలుసు.

కరపత్రం రాసినా. నువ్వు తప్పులు చూసే టైము లేదు, ఈ పొద్దే అచ్చు వేస్తున్నా. ఇదీ:

"మన కాలనీ అక్కలకు, అన్నలకు, పలకల గని కూలీలకు.

తర్లుపాడు రోడ్డు షెడ్డులో పలకల జల్లెడతో బొగ్గు కొట్టించినది మల్లికార్జునరావు. ఆ షెడ్డును సందు లేకుండా మూయాలని గొంతు చించుకున్నది ఖాలిద్, అంటే నేను. కాలినవి కమ్రున్నీసా చేతులు. పలకపొడి మనకు తెలుసు. బొగ్గు పొడి మనకు తెలియదు. తెలిసే లోపల ఇంకొకరు కాలకూడదు.

రేకులు మనమే కట్టించినాం, మనమే విప్పుదాం. జల్లెడ మారేదాకా మిషన్ ముందర కూర్చుందాం. ఎవరూ బీడీ, అగ్గిపెట్టె, ఊదు, కర్పూరం తేవద్దు. స్పానరు ఉన్నవాళ్ళు స్పానరు, లేనివాళ్ళు గంపెడు ఇసుక తీసుకురండి. మజ్జిగ ఇస్తే తాగండి, తాగి లేచి పోవద్దు."

మామూ, నువ్వూ రా. శనివారం బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతావు. ఇరమ్ చీటీకి జవాబు కూడా నువ్వే తీసుకుపోవచ్చు. నీకు ఏదీ వినపడాల్సిన పని లేదు, అరిచేది మేము. నువ్వు చేతులు వెనక్కి కట్టుకొని, ఏ బోల్టు ముందు విప్పాలో వేలు చూపించు చాలు.

ఆగస్టు నాలుగు, ఆదివారం, పొద్దున ఆరున్నరకు, షెడ్డు పడమటి వైపు.

ఖాలిద్